సైరనుకి దరఖాస్తు

ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తప్పు ఒక్కటే. కమిషనరు గారు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాను.

చింతాడపేట మునిసిపల్ ఆఫీసులో నేను కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్ని. పేరుకి ఆపరేటర్నే గానీ, కుళాయి కనెక్షన్ల దగ్గర్నుంచి కుక్కలు పట్టే బండి దాకా ఆఫీసు పనులన్నీ ఒక ప్రోగ్రాములో పెట్టి నడిపించేది నేనే. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ముక్క రాసి పెట్టాను. పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒక ముక్క, ఇంటి పన్ను నోటీసు తీయడానికి ఒక ముక్క, అలా నూట పన్నెండు. వాటినే మా కంప్యూటర్ వాళ్ళు ఫంక్షన్లు అంటారు. చిక్కేమిటంటే, పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే ఆ నూట పన్నెండూ వరసపెట్టి లోపలికి లోడయ్యేవి. ఏడాదికోసారి కూడా ఎవరూ అడగని 'శ్మశానంలో చెట్టు కొట్టుటకు అనుమతి' కూడా వచ్చి కూర్చుంటే గానీ తెర మీద మొదటి అక్షరం కనిపించేది కాదు. దానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఈలోగా మేమందరం టీ తాగి వచ్చేవాళ్ళం కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒక ఆదివారం ఏమీ తోచక దాన్ని మార్చాను. ఫంక్షన్లన్నిటినీ ఒక ఫోల్డరులో పడుకోబెట్టి, పొద్దున్నే వాటి పేర్లు మాత్రం చదువుకునేలా రాశాను. ఎవరైనా వచ్చి పుట్టిన సర్టిఫికెట్ అడిగితే ఆ ముక్క ఒక్కటే లేచి వచ్చి లోడవుతుంది. మిగతావి వాటి మానాన అవి పడుకుని ఉంటాయి. సోమవారం కంప్యూటర్ రెప్పపాటులో తెరుచుకుంది. చిన్న లోపం ఒకటి మిగిలిపోయింది. మొదటిసారి పిలిస్తే ఫంక్షన్ వచ్చి కూర్చునేదే గానీ పని చేసేది కాదు. రెండోసారి మీట నొక్కితే అప్పుడు చేసేది. తీరిక చూసుకుని సరిచేద్దామనుకున్నాను.

మా కమిషనరు చిత్తరంజన్ గారు మంచి మనిషి. కాకపోతే పాలనా సంస్కరణల మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. అప్పట్నుంచి ఏ వస్తువు చూసినా ఆయనకి సంస్కరించబుద్ధయ్యేది. ఆ సోమవారం నా వెనక నిలబడి, ఇంత వేగం ఎలా వచ్చిందని అడిగారు. చెప్పాను. మరి మిగతా పనులన్నీ ఎక్కడున్నాయి అన్నారు.

"ఫోల్డరులో ఉన్నాయండి. పిలిస్తే వస్తాయి. పిలవకపోతే రావు. ఊరికే కూర్చుని చోటు తినడం ఉండదు."

ఆయన, నేను కూర్చునే అద్దం గదిలోంచి హాలు వైపు చూశారు. అక్కడ నలభై మంది సిబ్బంది కూర్చుని ఉన్నారు. ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు పేపర్లో పదరంగం పూర్తి చేస్తున్నాడు. ఆయన వాళ్ళ వైపు చాలాసేపు చూశారు. ఆ చూపు నేను అప్పుడే పోల్చుకుని ఉండాల్సింది.

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. టైపు చేసింది నేనే.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, జూలై ఒకటవ తేదీ నుండి మన పురపాలక సంఘమునందు ఆవశ్యకతానుసార సిబ్బంది ఆవాహన విధానము అమలులోనికి వచ్చును. పిలువబడని ఏ ఉద్యోగియు కార్యాలయమునందు ఉనికి కలిగియుండరాదు" అని మొదలై అది నాలుగు పేజీలు సాగింది. అందులో సారాంశం ఇది. సిబ్బంది అందరూ ఇకమీదట ఆఫీసులో కాకుండా, ఆవరణలోనే ఉన్న పాత టౌన్‌హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవాలి. టౌన్‌హాలు పేరు ఇకనుంచి ఫోల్డరు. ఆఫీసులో ఖాళీ బల్లలు, వాటి మీద పేర్లు మాత్రం ఉంటాయి. జూనియర్ అసిస్టెంటు సన్యాసిరావుని ఆవాహకుడిగా నియమించి చేతికి మైకు ఇచ్చారు. ఊళ్ళోవాళ్ళెవరైనా పని మీద వస్తే అతను మైకులో పిలుస్తాడు. పిలుపందిన మనిషి ఫోల్డరులోంచి లేచి, ఆవరణ దాటి, తన బల్ల దగ్గరికి వచ్చి లోడవుతాడు.

ఏడో నిబంధన దగ్గర నా చేతులు ఆగిపోయాయి. "మొదటి పిలుపునకు ఉద్యోగి హాజరగును. రెండవ పిలుపునకు పని చేయును" అని ఉంది. సార్, అది నా ప్రోగ్రాములో ఉన్న లోపం, రేపే సరిచేస్తాను అన్నాను. కమిషనరు గారు జాలిగా చూసి, శాస్త్రంలో మనకి తోచినవి ఉంచుకుని తోచనివి తీసేయడం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదని చెప్పారు. మా సిబ్బంది మాత్రం మిగతా అన్ని నిబంధనలకంటే ఏడోదాన్ని త్వరగా ఒంటబట్టించుకున్నారు. పాతికేళ్ళుగా వాళ్ళు అదే పద్ధతిలో ఉన్నారు, ఇప్పుడు దానికి ఉత్తర్వు వచ్చింది, అంతే తేడా.

మొదటి వారం బాగానే గడిచింది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. ఆఫీసులో ఫ్యాన్లు తిరగడం లేదు, మాటలు లేవు, చిక్కుడుకాయ తొక్కలు లేవు. ఎవరో ఒకాయన పుట్టిన సర్టిఫికెట్ కోసం వస్తే సన్యాసిరావు గొంతు సవరించుకుని, "జనన మరణ విభాగము రావలెను" అని పిలిచేవాడు. విభాగం వచ్చి కూర్చునేది. "జనన మరణ విభాగము పని చేయవలెను" అని రెండోసారి పిలిచేవాడు. విభాగం దరఖాస్తు చదివి, దీనికి హెల్త్ ఇన్‌స్పెక్టర్ సంతకం కావాలనేది. మళ్ళీ రెండు పిలుపులు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి సంతకం చేసి, ముద్ర అటెండరు దగ్గర ఉందనేవాడు. మళ్ళీ రెండు పిలుపులు. అటెండరు వచ్చి, ముద్ర బీరువా తాళం మేనేజరు గారి దగ్గరుందనేవాడు. ఊరివాళ్ళు మొదట్లో కొంచెం గింజుకున్నా, రానురాను ఏది అడిగినా రెండుసార్లు అడగడం అలవాటు చేసుకున్నారు. బజార్లో కూడా "అరకిలో వంకాయలు, అరకిలో వంకాయలు" అంటున్నారని మా ఆవిడ చెప్పింది.

ఒకసారి లోడైన ఉద్యోగి సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉండాలని పదకొండో నిబంధన. దాంతో పొద్దున్నే ఎవరి పేరు మైకులో వినిపిస్తుందోనని ఫోల్డరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. పిలుపొచ్చినవాడు ముఖం వేలాడేసుకుని లేచేవాడు. మిగతావాళ్ళు అతని చెప్పులు దగ్గరికి తెచ్చి ఇచ్చి మరీ సాగనంపేవాళ్ళు.

ఫోల్డరులో తినుబండారాలు నిషేధం. అందుకని అందరి క్యారేజీలూ ఆఫీసు బల్లల సొరుగుల్లోనే ఉండేవి. భోజనానికీ పిలుపు ఉండాల్సిందే. మధ్యాహ్నం ఒంటిగంటకి సన్యాసిరావు, "భోజనము" అనేవాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం మొదటి పిలుపుకే పని జరిగిపోయేది.

ఇదంతా సరదాగానే ఉండేది, పద్నాలుగో నిబంధన లేకపోతే. "అరువది దినములలోగా ఒక్కమారైనను పిలువబడని ఉద్యోగి నిరుపయోగ ప్రమేయముగా పరిగణింపబడును. సదరు పోస్టు రద్దు చేయబడును."

ప్రమేయమంటే ఫంక్షనుకి తెలుగు. ఆ నిబంధన చదివి అందరూ కంగారుపడ్డారు. వారం తిరక్కుండానే కుదుటపడ్డారు. బావమరుదులు, పక్కింటివాళ్ళు, చిట్టీల స్నేహితులు వచ్చి ఎవరివాళ్ళని వాళ్ళు రెండేసి సార్లు పిలిపించుకుని పోయారు. శ్మశానంలో చెట్టు కొట్టే విభాగం గుమాస్తా వాళ్ళ మామగారు పాపం కర్రపట్టుకుని నడిచొచ్చి, తనకి అటువంటి చెట్టేదీ అవసరం లేదని చెప్తూనే దరఖాస్తు ఇచ్చారు.

ఒక్క గవరయ్యని మాత్రం ఎవరూ పిలవలేదు.

గవరయ్య మా సైరను మనిషి. ఆవరణ మధ్యలో నీళ్ళ ట్యాంకు పక్కన ఇనుప బురుజు ఉంది. దాని మీద సైరను, దాని కింద గది. ఆ గదిలో గవరయ్య, వాళ్ళావిడ ముప్పై ఒక్క ఏళ్ళుగా కాపురం ఉంటున్నారు. పొద్దున్న ఐదింటికి, పదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఐదింటికి అతను సైరను వేసేవాడు. రేడియో వార్తలతో సరిచూసుకున్న చేతి గడియారం, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, ఇంతే అతని సరంజామా. పదింటి సైరనుకి మేం ఆఫీసుకి వచ్చేవాళ్ళం. ఒంటిగంటకి క్యారేజీలు విప్పేవాళ్ళం. ఐదింటికి ఇళ్ళకి పోయేవాళ్ళం. ఊరూ అంతే. బడి గంట, బ్యాంకు తలుపు, మిల్లు షిఫ్టు, అన్నీ దాని వెనకే.

జూలై ఒకటో తేదీ పొద్దున గవరయ్య ఫోల్డరులో నలభై ఒకటో కుర్చీలో కూర్చున్నాడు. సైరను మోగలేదు. పిలవకుండా సైరను వేస్తే మెమో ఇస్తామని మేనేజరు భూషణరావు గారు ముందే చెప్పారు. నన్ను పక్కకి పిలిచి గవరయ్య అడిగాడు.

"ఆపరేటరు బాబూ, సైరను కావాలని ఎవులైనా కాయితం ఎట్టుకుంతారేటి?"

ఎవరో ఒకరు పెట్టుకుంటార్లే మావా అన్నాను. నోటికొచ్చింది చెప్పాను గానీ నాకూ నమ్మకం లేదు.

సైరను ఆగిపోయిందని ఊరంతటికీ తెలుసు. మిల్లువాళ్ళు ఆలస్యంగా వెళ్ళి సగం రోజు పోగొట్టుకున్నారు. బడిలో మధ్యాహ్న భోజనం ఒకరోజు పదకొండున్నరకి, ఒకరోజు రెండింటికి పెట్టారు. అందరూ అందరితోనూ చెప్పుకున్నారు. మోటారు కాలిపోయిందని కొందరు, కరెంటు బిల్లు కట్టలేదని కొందరు అన్నారు. కానీ మునిసిపాలిటీకి వచ్చి, అయ్యా, మాకు ఒక సైరను కావాలి అని అడగాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? ముప్పై ఏళ్ళుగా దాన్ని అడగాల్సిన పని ఎవరికీ పడలేదు.

గవరయ్య రోజూ కూర్చునేవాడు. గడియారంలో ఒంటిగంట కాగానే అతనికి తెలియకుండానే కుర్చీలోంచి లేచేవాడు. చుట్టూ చూసి మళ్ళీ కూర్చునేవాడు. అది చూసినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. పోస్టు పోతే అతనికి గది కూడా పోతుంది. సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. ఇదంతా నేను ఒక ఆదివారం తోచక చేసిన పని వల్ల వచ్చింది.

ఇరవయ్యో రోజున ధైర్యం చేసి ఆఫీసు ఎదురుగా టిఫిన్ బండి పెట్టుకున్న పారమ్మ దగ్గరికి వెళ్ళాను. సైరను లేక ఆవిడ పిండి రుబ్బడం ఆలస్యమై ఇరవై రోజులుగా ఇడ్లీలు ఎనిమిదింటికి గానీ దిగడం లేదు. దరఖాస్తు నేనే రాశాను, ఆవిడ వేలిముద్ర వేసింది. సన్యాసిరావు ఫారం చూసి చాలాసేపు ఆలోచించాడు. సైరను ఏ చిరునామాకి కావాలని అడిగాడు. ఊరికంతటికీ అని పారమ్మ చెప్పింది. ఊరి తరఫున అడగడానికి ఆవిడకి అధికారం ఉందా అన్నాడు. చివరికి 'పారమ్మ టిఫిన్ బండికి' అని రాసుకున్నారు. ఉదయం పదకొండు గంటలకి మొదటి పిలుపు పిలిచారు.

గవరయ్య పరుగెత్తినంత పని చేశాడు. వచ్చి బురుజు కింద నిలబడ్డాడు. రెండో పిలుపుకి మేనేజరు గారి ఆమోదం కావాలన్నారు. మేనేజరు గారు ఫోల్డరులో ఉన్నారు. ఆయన్ని రెండుసార్లు పిలిచి, ఫైలు తయారుచేసి, కరెంటు వాడకానికి ఇంజనీరుని రెండుసార్లు పిలిచి, అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడూ నలభై అయింది. అప్పుడు సన్యాసిరావు మైకులో, "సైరను విభాగము పని చేయవలెను" అన్నాడు.

గవరయ్య గడియారం చూసుకున్నాడు. "ఏటి బాబూ, ఇది ఏ టైము? ఇప్పుడు ఊదితే ఊరు ఏటనుకుంతాది?" అన్నాడు. రెండో పిలుపుకి పని చేయకపోతే ఏడో నిబంధన ఉల్లంఘన అని సన్యాసిరావు వివరించాడు. పారమ్మకి ఇడ్లీ పిండి గురించి తప్ప మరో ఆలోచన లేదు, ఊదెయ్యి బావా అంది. గవరయ్య మెట్లెక్కి, కళ్ళు మూసుకుని ఊదాడు.

ఇరవై రోజులుగా సైరను వినని ఊరు అది. వినగానే ఐదయిందనుకుంది. హైస్కూలు వదిలేశారు. బ్యాంకువాళ్ళు లోపల ఉన్నవాళ్ళని బయటికి పంపి షట్టరు దించారు. మిల్లులో మగ్గాలు ఆగిపోయాయి. మా ఫోల్డరు కూడా సంచులు సర్దుకుని ఇళ్ళకి వెళ్ళిపోయింది. కమిషనరు గారు ఆ సాయంత్రం ఎవరిని పిలిచినా ఎవరూ లోడవలేదు.

మర్నాడు విచారణ జరిగింది. ఆ పిలుపు విధానంలో సక్రమంగానే ఉందని, ప్రయోజనంలో అక్రమమని కమిషనరు గారు తేల్చారు. "సదరు పిలుపు పిలుపుగా గుర్తింపబడదు" అని రాసి రికార్డులోంచి కొట్టేయించారు. సైరను దరఖాస్తులు ఇకముందు తీసుకోవద్దని కూడా అందులోనే రాశారు. గవరయ్యకి మళ్ళీ మొదటికొచ్చింది. రోజులు మాత్రం మొదటికి రాలేదు, ఇరవై ఒకటి అలాగే లెక్కలో ఉన్నాయి.

ఇక్కడ ఇలా ఉండగా మా విధానం కీర్తి పైదాకా పాకింది. ఖాళీ ఆఫీసు ఫోటోలు కమిషనరు గారు రాజధానికి పంపించారు. ఆగస్టు ఇరవై తొమ్మిదిన ముగ్గురు అధికారుల బృందం పరిశీలనకి వస్తోందని ఉత్తరం వచ్చింది. అది చేత్తో పట్టుకుని ఆయన ఫోల్డరులోకి వచ్చి ప్రసంగించారు.

"మిత్రులారా, మనం తొంభై మూడు శాతం ఆవాహన సాధించాం. కానీ ఇంకా ముగ్గురు ఉద్యోగులు పిలవకుండానే ఆఫీసులో ఉంటున్నారు. ఒకరు వాచ్‌మన్. ఒకరు సన్యాసిరావు. మూడవ వ్యక్తి పేరు చెప్పడానికి నేను సిగ్గుపడుతున్నాను. అది నేను."

బృందం వచ్చే రోజుకి నూటికి నూరు శాతం కావాలన్నారు. వాచ్‌మన్‌కి కుర్చీ వేశారు. సన్యాసిరావుకి కుర్చీ వేశారు. మరి సన్యాసిరావుని ఎవరు పిలవాలి అంటే, కమిషనరు పిలవాలని రాశారు. తరవాత కమిషనరు గారికి కూడా మొదటి వరసలో కుర్చీ వేశారు. ఆయన్ని ఎవరు పిలవాలి అంటే, పిలిచే ఉద్యోగం ఉన్నది సన్యాసిరావు ఒక్కడికే కాబట్టి అతనే పిలవాలని రాశారు. ఆ ఉత్తర్వూ నేనే టైపు చేశాను. చేస్తూ చేస్తూ ఆగి అడిగాను.

"సార్, మరి మొట్టమొదటి పిలుపు ఎవరు పిలుస్తారండి?"

"అది సాంకేతిక విషయం," అన్నారాయన. "దాన్ని మీరు చూసుకోండి."

చూసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. కాంట్రాక్టువాణ్ణని అంతదాకా లెక్కలోకి రాని నాకూ ఫోల్డరులో కుర్చీ వేశారు.

దానితోపాటే ఇంకో కాగితం టైపు చేయించారు. ఆగస్టు ఇరవై తొమ్మిది సరిగ్గా అరవయ్యో రోజు. కిల్లాన గవరయ్య, సైరను విభాగము, నిరుపయోగ ప్రమేయము, సాయంత్రం ఐదు గంటల నుండి పోస్టు రద్దు, వారంలోగా గది ఖాళీ. సంతకం ఒక్కటే మిగిలింది. కమిషనరు గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను గవరయ్యకి ఆ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అతను గడియారానికి కీ ఇచ్చుకుంటూ విన్నాడు. వాళ్ళావిడ అప్పుడే గిన్నెలు బస్తాలో సర్దేస్తోందని మాత్రం అన్నాడు.

ఆ రోజు మేం నలభై ఐదు మందిమి ఫోల్డరులో కూర్చున్నాం. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. పిలవకుండా గుమ్మం దాటినవాళ్ళని అక్కడికక్కడే సస్పెండ్ చేస్తామని కమిషనరు గారు పొద్దున్నే చెప్పి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

పదకొండింటికి కారు వచ్చింది. కిటికీ చెక్కల సందుల్లోంచి చూస్తున్నాం. జాయింట్ డైరెక్టర్ మంజులాదేవి గారు, ఆవిడ వెనక ఇద్దరు అధికారులు దిగారు. ఆఫీసులోకి వెళ్ళారు. లోపల పురుగు కూడా లేదు. మొదట్లో వాళ్ళు చాలా మెచ్చుకున్నారు. ఇంత నిశ్శబ్దమైన మునిసిపల్ ఆఫీసు తమ సర్వీసులో చూడలేదని ఒకాయన అనడం మాకు వినిపించింది. కమిషనరు గారు కూర్చున్నచోటే కొంచెం ఎత్తయ్యారు.

పన్నెండయింది. వాళ్ళకి దాహం వేసింది. ఎవరండీ లోపల, అని పిలిచారు. అది ఎవరి పేరూ కాదు. అటెండరు లేవబోతే మేనేజరు గారు అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. కాసేపటికి మంజులాదేవి గారు గోడ మీది పిలుపు నిబంధనల బోర్డు చదివినట్టున్నారు. వసారాలోకి వచ్చి, "సన్యాసిరావు గారూ" అని పిలిచారు. కాసేపాగి రెండోసారీ పిలిచారు.

సన్యాసిరావు సగం లేచి కమిషనరు గారి వైపు చూశాడు.

"మిమ్మల్ని పిలవాల్సింది నేను," అన్నారు కమిషనరు గారు గుసగుసగా.

"అవునండి. పిలవండి సార్."

"ఎలా పిలుస్తాను? నన్నింకా ఎవరూ పిలవలేదు కదా. నన్ను పిలవాల్సింది మీరు."

సన్యాసిరావు నోరు తెరిచి, తనని కూడా ఇంకా ఎవరూ పిలవలేదని గుర్తొచ్చి మూసుకున్నాడు. నలభై ఐదు మందిలో ఒక్కరికి కూడా ఒక్కరినీ పిలిచే అధికారం లేదు. కమిషనరు గారు తల తిప్పి నా కోసం వెతికారు. నేను నేల మీది గచ్చు పగుళ్ళు చూస్తూ కూర్చున్నాను.

పన్నెండూ యాభై ఐదయింది. అవతల మంజులాదేవి గారు డ్రైవరుని కేకేస్తున్నారు, వెళ్ళిపోదామని. భోజనానికి పిలిచేవాడు లేడు కాబట్టి మాకూ కడుపులు కాలిపోతున్నాయి. ఎవరూ కదలడం లేదు.

నలభై ఒకటో కుర్చీలోంచి గవరయ్య లేచాడు. రోజూ లేచేవాడే కదా, కూర్చుంటాడనుకున్నాం. కూర్చోలేదు. చొక్కా సర్దుకుని గుమ్మం వైపు నడిచాడు. మేనేజరు గారు పళ్ళు బిగించి, గవరయ్యా, సస్పెండవుతావు అన్నారు.

"సాయంత్రానికి నాకు ఉజ్జోగమే లేదు గదండి, ఏటి సస్పెండు సేస్తారు?" అన్నాడు గవరయ్య. గొంతులో కోపం లేదు. "అరవై దినాలు కూకున్నాను. ఆకరు రోజు ఒంటిగంట నానుండగా ఊరికే ఎల్లిపోకూడదు. ఊది ఒచ్చేత్తాను."

బురుజు మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. తరవాత సైరను మోగింది. నిండా ఒక నిమిషం, సరిగ్గా ఒంటిగంటకి.

తరవాత జరిగింది ఎవరూ ఆలోచించి చేసింది కాదు. నలభై నాలుగు కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడుకి కాళ్ళు ఎటు వెళ్తాయో అటే వెళ్ళాయి. అటెండర్లు, గుమాస్తాలు, ఇంజనీర్లు, మేనేజరు గారు, అందరం ఆవరణ దాటి ఆఫీసులోకి వెళ్ళి ఎవరి బల్ల దగ్గర వాళ్ళం కూర్చుని సొరుగులు లాగాం. అందరికంటే ముందు వెళ్ళింది కమిషనరు గారు. ఆయనకి షుగరు, వేళకి తినాలి.

మంజులాదేవి గారు కారెక్కబోతున్నవారల్లా ఆగి చూశారు. ఖాళీగా ఉన్న ఆఫీసు నిమిషంలో నిండిపోయింది. తొక్కిసలాట లేదు, ఒకరిని ఒకరు అడగడం లేదు, ప్రతివాడికీ తన చోటు తెలుసు. ఆవిడ వెనక్కి వచ్చారు. మా శానిటరీ ఇన్‌స్పెక్టరు క్యారేజీ మూత తీస్తూ గౌరవంగా లేచి నిలబడ్డాడు.

"ఒక్క పిలుపుతో మొత్తం సిబ్బందా?" అని అడిగారు ఆవిడ. "ఎలా సాధించారు?"

చిత్తరంజన్ గారు చేతిలోని ముద్ద కింద పెట్టారు. సంస్కరణల్లో ఆరితేరిన మనిషి, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మేడం, ఇది మా విధానంలో రెండవ దశ. ఏకధ్వని సామూహిక ఆవాహన. విడివిడి పిలుపుల వలన కలుగు కాలహరణమును నివారించుటకై, దీర్ఘ పరిశోధనానంతరం రూపొందించాం."

ఆ పిలిచే అధికారి ఎవరు, ఒకసారి చూడొచ్చా అని ఆవిడ అడిగారు. గవరయ్యని తీసుకొచ్చి నిలబెట్టారు. సస్పెండ్ చేయడానికి పిలిచారనుకుని అతను చేతులు కట్టుకుని వచ్చాడు. మరి మిమ్మల్ని ఎవరు పిలుస్తారు అని ఆవిడ అడిగారు. కమిషనరు గారు ఏదో చెప్పబోయారు గానీ గవరయ్యే చెప్పాడు.

"నన్నెవులూ పిలవరండి. టైమైతే నాకే తెలుత్తాది."

ఆవిడ ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశారు. కమిషనరు గారు జేబులో చెయ్యి పెట్టి, మడిచిన కాగితం ఒకటి తీసి, దానితో చెయ్యి తుడుచుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ కాగితానికి అంత మంచి ఉపయోగం ఉంటుందని టైపు చేసినప్పుడు అనుకోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మజ్జిగ తాగి సర్దుకున్నాను.

మూడు వారాలకి రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం, దానితోపాటు కొత్త ఉత్తర్వు వచ్చాయి. సిబ్బంది యావన్మందీ ఉదయం పది గంటల సైరనుకి ఏకకాలంలో లోడు కావలెను, ఒంటిగంట సైరనుకి భోజనము చేయవలెను, ఐదు గంటల సైరనుకి నిష్క్రమించవలెను. అంటే పూర్వం ఎలా ఉండేదో అలాగే, కాకపోతే దానికి ఇప్పుడు పదహారు పేజీలున్నాయి. చిత్తరంజన్ గారికి బదిలీ మీద పెద్ద ఊరు ఇచ్చారు. వెళ్ళేముందు ఆయన నాతో చెయ్యి కలిపి, కొత్త ప్రోగ్రాములేమైనా రాస్తే తెలియజేయమన్నారు. రాయను సార్ అన్నాను. ఏడో నిబంధన రద్దు చేయడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు, మా ఆఫీసులో మొదటి పిలుపుకి ఇప్పటికీ ఎవరూ పని చేయరు.

గవరయ్య పేరు కింద ఉత్తర్వులో ఒక పేరా ఉంది. ఆ సాయంత్రం బురుజు కింద అరుగు మీద కూర్చుని అతనికి చదివి వినిపించాను. ఇకమీదట అతని హోదా ప్రధాన సామూహిక ఆవాహనాధికారి. పోస్టు రద్దు చేయరానిది. గది అతనిదే. లోపల వాళ్ళావిడ బస్తాలోంచి గిన్నెలు తీసి గూట్లో పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గవరయ్య అంతా విని, ఆ పేరు ఇంకోసారి చదవమని అడగలేదు.

"టైములు మార్సలేదు గదా బాబూ?" అన్నాడు.

మార్చలేదు మావా, అవే నాలుగు అన్నాను.

అతను గడియారం చూసుకున్నాడు. ఐదుకి రెండు నిమిషాలుంది. లేచి, చొక్కా గుండీ పెట్టుకుని, మెట్లెక్కాడు.